కాటి సీనుకి వన్స్ మోర్ ఎవరిది?

పద్యనాటకం చచ్చిపోయిందని సినిమా వచ్చిన కాడినుంచీ అంటూనే ఉన్నారు. అది చావలేదు. 1998లో ప్రభుత్వం నంది నాటకోత్సవాలు మొదలుపెట్టి పద్యనాటకానికి కూడా బహుమతులు ఇవ్వటంతో పరిషత్తుల్లో దానికి మళ్ళీ ఊపిరి వచ్చింది. తిరునాళ్ళూ, శ్రీరామనవమి పందిళ్ళూ దాన్ని ఎప్పుడూ పూర్తిగా వదిలిపెట్టలేదు. అయితే ఇప్పుడు నిలబడింది నాటకం కాదు, నాటకంలోని ముక్కలు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 'సత్య హరిశ్చంద్రీయము'ని మొదటినుంచి చివరిదాకా చూసినవాళ్ళు ఇవాళ ఊళ్ళలో తక్కువ. వారణాసి సీను, కాటి సీను - జనానికి ఈ రెండే హరిశ్చంద్ర. ఒక్కో సీనుకి ఒక్కో హరిశ్చంద్రుడు వస్తాడు. కాంట్రాక్టరు ఎవర్ని ఏ సీనుకి పెట్టాడన్నదాన్ని బట్టే పందిట్లో జనం.

ఈ నాటకం మీద విమర్శ లేదా అంటే చాలానే ఉంది. నటుల గొంతు గురించి రాశారు. రాగాల గురించి రాశారు. హార్మోనియం వచ్చి పద్యాన్ని బాగుచేసిందా పాడుచేసిందా అని రాశారు. పందిట్లో కూచున్న జనం గురించి మాత్రం 'ప్రేక్షకులు తన్మయులైనారు' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆ ప్రేక్షకులు ఎవరు? ఏ పేటనుంచి వచ్చారు? ఎక్కడ కూచున్నారు? తన్మయత్వానికి కులం ఉండదని మనల్ని నమ్మమంటారు. నిజానికి విమర్శ రాయని జనం చేసే విమర్శ అక్కడే ఉంది. వాళ్ళు వేసే వన్స్ మోర్‌లో, మైకులో చదివించే చదివింపుల్లో, నవ్వులో, మధ్యలో లేచి టీ తాగటానికి పోవటంలో. దాన్ని చదవకుండా హరిశ్చంద్ర నాటకాన్ని చదివామనుకోవటం సగం చదువే.

కాటి సీను ఎలా నడుస్తుందో తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. తెర లేస్తుంది. నీలం లైటు. భుజాన నల్ల గొంగడి, చేతిలో కర్ర. హరిశ్చంద్రుడు రాగం ఎత్తుకుంటాడు. ఆ రాగం అయిదు నిమిషాలుండొచ్చు, పది నిమిషాలుండొచ్చు. హార్మోనిస్టు అతన్ని పైకి తోస్తుంటాడు. ఆఖరి ఎత్తు దగ్గర పందిరంతా ఒక్కసారి 'ఆహా' అంటుంది. ఒకడు డి.వి. సుబ్బారావులా ఉందంటాడు. ఇంకొకడు బండారు రామారావుతో పోలుస్తాడు. వాళ్ళ గొంతులు ఎన్నడో రికార్డుల్లోకెక్కి, క్యాసెట్లయి, ఇప్పుడు సెల్‌ఫోన్లలోకి చేరాయి. బడి మొహం చూడని మనిషి కూడా పద్యంలో ఎక్కడ విరవాలో, ఎక్కడ విరిస్తే అర్థం చెడుతుందో చెబుతాడు. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో ఇట్టాంటి పెద్దలు ఒక తరంలో దండిగా ఉండేవాళ్ళు. వంద పద్యాలు నోటికొచ్చి సంతకం పెట్టటం రానివాళ్ళు. తెలుగు శాఖల్లో మేం ఛందస్సు నేర్చుకునేటప్పుడు ఈ మనుషుల పేర్లు ఎవరూ ఎత్తలేదు.

ఆ చెవిని నేను తక్కువ చెయ్యను. నా ప్రశ్న వేరే. కాటి సీనులో జనం దేనికి ఏడుస్తున్నారు?

పందిట్లో ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటూ అనే మాట ఒకటుంది. 'ఎట్టాంటి రాజుకి ఎట్టాంటి గతి పట్టిందమ్మా!' ఈ 'గతి' అన్న మాట దగ్గర కాస్సేపు ఆగాలి. రాజు రాజ్యం పోగొట్టుకున్నాడు, సరే. పెళ్ళాన్నీ బిడ్డనీ అమ్ముకున్నాడు, అది ఘోరమే. అయినా జనం గుండె పగిలేది అక్కడ కాదు. వారణాసి సీనులో భార్యని కాలకౌశికుడనే బ్రాహ్మడికి అమ్మినప్పుడు పందిట్లో బాధ ఉంటుంది గాని, 'గతి' అన్న మాట రాదు. నక్షత్రకుడి మాటలకి నవ్వటానికి కూడా వీలుంటుంది. అసలు పతనం చండాలుడికి అమ్ముడుపోవటంలోనే ఉందని కథ చెబుతుంది, జనం ఒప్పుకుంటారు. శవాల దగ్గర కాపలా కాయటం అనే పని ఆ రాజు దిగిన ఆఖరి మెట్టు. ఆ మెట్టు మీదే పుట్టి, ఆ మెట్టు మీదే చచ్చే మనుషులు అదే పందిట్లో వెనక కూచుని ఉన్నారు. వాళ్ళ రోజువారీ బతుకు ఇంకొకడికి పరీక్ష. పరీక్ష నెగ్గగానే అతను సింహాసనానికి పోతాడు. కాటి కాపలా ఎవరికి మిగులుతుందో నాటకం చెప్పదు.

చండాలుడైనా మిగిలాడా? అదీ లేదు. మార్కండేయ పురాణంలో హరిశ్చంద్రుణ్ణి కొన్న చండాలుడు చివర్న ధర్మదేవతగా బయటపడతాడు. అంటే రాజుని కొనగలిగిన అంటరానివాడు అసలు అంటరానివాడే కాదన్నమాట! ఊరికే వేషం. ఒక రాజు నిజంగా ఒక మాల దగ్గరో మాదిగ దగ్గరో జీతం చేశాడని ఒప్పుకోవటానికి పురాణానికి కూడా ధైర్యం చాల్లేదు.

దీనికి ముందరి కథ కూడా గుర్తుచేసుకోవాలి. కాంట్రాక్టు నాటకాల్లో దాన్ని ఎప్పుడో కోసేశారు. విశ్వామిత్రుడు పంపగా మాతంగ కన్యలు వచ్చి ఆడి పాడి రాజుని మెప్పిస్తారు, మమ్మల్ని పెళ్ళాడమంటారు. రాజ్యమన్నా వదులుకుంటాను గాని ఆ పని చెయ్యనంటాడు మన సత్యసంధుడు. కన్నడంలో రాఘవాంకుడు పదమూడో శతాబ్దం ప్రాంతంలో రాసిన హరిశ్చంద్ర కావ్యంలో ఈ ఘట్టం చాలా పెద్దది. అక్కడ ఆ ఆడపిల్లలు ఊరుకోరు. మా పాట విన్న చెవికి, మమ్మల్ని చూసిన కంటికి, మా మాటకి బదులు చెప్పిన నోటికి లేని మైల ముట్టుకుంటేనే వచ్చిందా అని నిలదీస్తారు. అంటే హరిశ్చంద్రుడి కష్టాలన్నిటికీ మొదలు ఆడిన మాట తప్పకపోవటం ఒక్కటే కాదు, కులం తప్పకపోవటం కూడా. గాంధీ చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకం చూసి అందరూ ఇంత సత్యవంతులు ఎందుకు కాకూడదని మథనపడ్డానని ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ ప్రస్తావనలో సత్యం ఉంది, కాటికాపరి లేడు.

ఇంక వీరబాహుడు. రాజుని కొన్న కాటి యజమాని. నేను చూసిన ప్రదర్శనల్లో ఎక్కువ భాగం ఆ వేషం హాస్యగాడికే ఇచ్చారు. తూలుతూ వస్తాడు. చేతిలో కల్లుకుండ. మాట వంకర. ఏ ఊళ్ళో ఆడుతుంటే ఆ ఊరి మాలపల్లె యాసని వెక్కిరిస్తాడు. ముందు వరసలో నవ్వులు, ఈలలు. వెనక కూడా కొందరు నవ్వుతారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. మనల్ని చూసి మనం నవ్వటం అలవాటు చేశారు. పది నిమిషాల తర్వాత అదే ముందు వరస రాజు కోసం ఏడుస్తుంది. ఆ నవ్వూ ఈ ఏడుపూ ఒక్క చోటనుంచే వస్తున్నాయని నాకు అనిపిస్తుంది. కాటిలో పుట్టినవాడు నవ్వు పుట్టించాలి. కాటికి దిగినవాడు ఏడుపు పుట్టించాలి.

ఇక్కడ 'చింతామణి' సంగతి చెప్పుకోకపోతే మాట పూర్తికాదు. కాళ్ళకూరి నారాయణరావు రాసిన ఆ నాటకాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమ కులాన్ని అవమానిస్తోందని ఆర్యవైశ్య సంఘాలు చేసిన ఫిర్యాదు దానికి కారణం. ఆ పాత్రని ఊళ్ళలో ఎంత నీచంగా ఆడతారో చూసినవాళ్ళెవరూ ఆ బాధ ఉత్తిదనరు. ఆ నాటకం మీద బతికే పేద కళాకారులు కూడు పోయిందని మొత్తుకున్నారు, ఆ బాధా ఉత్తిది కాదు. నేనడిగేది ఇంకొకటి. అదే నాటకంలో చింతామణి ఉంది, శ్రీహరి ఉంది. కళావంతుల ఆడవాళ్ళని దాదాపు వందేళ్ళు పందిళ్ళలో బూతుమాటలకి నిలబెట్టారు. దానికి ఏ ఫైలూ కదల్లేదు. వీరబాహుడి కల్లుకుండకీ కదల్లేదు. వీరబాహుణ్ణి నిషేధించమని నేను అడగటం లేదు, అడగను. నాటకాల్ని నిషేధించే కలం మన చేతికి ఎన్నడూ రాదు, వచ్చినా అది మనమీదికే తిరుగుతుంది. నవ్వులపాలైనవాడి మూలుగు ఎవరిదైతే ప్రభుత్వానికి వినపడుతుందో గమనించమంటున్నాను, అంతే.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. కాటి సీనులో అన్నిటికన్నా ఎక్కువ వన్స్ మోర్‌లు పడే పద్యాల్లో కొన్ని బలిజేపల్లివి కావు. జాషువావి. 'స్మశానవాటి' అనే ఖండికలోవి. ఆయన వాటిని ఈ నాటకం కోసం రాయలేదు. నటులు తెచ్చి కాటి సీనులో పెట్టుకున్నారు, జనం వదల్లేదు, అవి నాటకంలో భాగమైపోయాయి. ఎంతగా అయిపోయాయంటే, అవి బలిజేపల్లి పద్యాలేనని పందెం కాసే అభిమానులు నాకు తెలుసు. పద్యం మొత్తం అప్పజెబుతారు, రాగం పేరు చెబుతారు, ఫలానా నటుడు ఫలానా ఊళ్ళో ఎన్నిసార్లు పాడాడో చెబుతారు. రాసినవాడి పేరు అడిగితే తెల్లమొహం వేస్తారు. ఇది మరుపు అనుకోవచ్చు. ఎన్ని విషయాలో గుర్తున్నవాళ్ళకి ఇదొక్కటే గుర్తులేకపోవటం చూస్తే మరుపు అని సరిపెట్టుకోబుద్ధి కాదు.

1895లో వినుకొండలో మాదిగ తల్లికి, యాదవ తండ్రికి పుట్టి, బతుకుతెరువు కోసం రాజమండ్రిలో మాటలు లేని సినిమాలకి తెర పక్కన నిలబడి కథ చెప్పిన మనిషి జాషువా. తెరమీది బొమ్మకి తన గొంతు అరువిచ్చాడు. తర్వాత నాటకం ఆయన పద్యాన్ని అరువు తీసుకుని రాజు నోట్లో పెట్టింది. 1941లో 'గబ్బిలం' రాసి గుడిలోకి రానివ్వని మనిషి గోడు గబ్బిలంతో శివుడికి చెప్పి పంపిన కవి, ఊరి నడిబొడ్డు పందిట్లో వినపడటానికి క్షత్రియుడి కిరీటం కావాల్సొచ్చింది. కాటి సీనులో కిరీటం ఉండదనుకోండి, అయినా ఆ తల కిరీటానిదే.

బలిజేపల్లి పద్యాలూ గొప్పవే, కాదనను. అవి జగత్తు మాయ అంటాయి, బంధాలు నిలవవంటాయి. చావు వాటికి ఒక ఆలోచన. జాషువా పద్యంలో స్మశానం ఒక చోటు. కవి కలం, పసిబిడ్డ, కొత్త కోడలి తాళి, రాజు ముద్ర - అక్కడ ఏవేవి మట్టిలో కలిశాయో ఒక్కొక్కటీ చూసి చెబుతాడు. అంటరానితనానికి ఇక్కడ చోటు లేదని ఒక పద్యంలో తేల్చి చెబుతాడు. ఈ చూపు కాటికి అప్పుడప్పుడూ పోయి స్నానం చేసి ఇంటికొచ్చేవాడి చూపు కాదు. అందుకే కాటికాపరి వేషంలో ఉన్నవాడి నోటికి అది సరిగ్గా అతికింది. అంటరానితనం మాటున్న ఆ పద్యాన్ని కొందరు నటులు పాడతారు, కొందరు టైము లేదని దాటేస్తారు. పాడినప్పుడు పందిట్లో ఎవరి చెవులు ఎటు తిరుగుతాయో చూడటం నాకు అలవాటయింది. ముందు వరస దాన్ని వేదాంతంగా వింటుంది, చచ్చాక అందరం ఒకటే అని తలూపుతుంది. బతికుండగా సంగతి వాళ్ళ తలకి ఎక్కదు. చచ్చాక మాత్రం ఒకటేనా? ఊరి స్మశానం వేరు, మాలపల్లె బొందలగడ్డ వేరు. దానికి దోవ కోసం, ఆ అరెకరం ఆక్రమణ కాకుండా ఉండటం కోసం కలెక్టరాఫీసుల చుట్టూ తిరిగే మనవాళ్ళని ఏ జిల్లాలోనైనా చూడొచ్చు. కొంతమంది మిత్రులు ఇందుకే జాషువా ఇక్కడ పొరబడ్డాడంటారు. నేను ఒప్పుకోను. ఆయన ఉన్నదాన్ని వర్ణించటం లేదు, కనీసం ఇక్కడన్నా ఉండకూడదు కదా అంటున్నాడు. రాగం దాన్ని ఉన్నట్టుగా వినిపిస్తుంది. తప్పు రాగానిది.

స్మశానం సమానమైన చోటని నమ్మలేని అనుభవం మనకి ఇంకొకటుంది. నాటకాలకి పేరుపడ్డ తెనాలికి కూతవేటు దూరంలో చుండూరు. 1991లో అక్కడ గొడవ రాజుకుంది సినిమాహాల్లో. ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూచున్న అగ్రకులంవాడికి తగిలిందని. ఆగస్టు 6న దళితుల్ని తరిమి నరికి చంపారు. చనిపోయినవాళ్ళని ఊరవతల బొందలగడ్డకి తీసుకుపోకుండా ఊళ్ళోనే పాతిపెట్టి ఆ చోటుని రక్తక్షేత్రం అన్నారు మనవాళ్ళు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. రక్తక్షేత్రం అక్కడే ఉంది. ఆటని చూడటానికి పక్కపక్కన కూచోవటమే ఇంత దూరం పోయిన నేలమీద, 'ప్రేక్షకులు' అన్న బహువచనాన్ని ఒక్క ముద్దగా ఎట్లా వాడతాం? చుండూరు సమాధులు వైరాగ్యం చెప్పవు.

మరి దళిత అభిమానులు, దళిత నటులు ఈ నాటకాన్ని ఎందుకు ఇంత ప్రేమించారు? ఉద్యమంలో ఉన్న కొందరు మిత్రులకి దీనికి తేలికైన జవాబుంది. బ్రాహ్మణీయ భావజాలం మనవాళ్ళని కమ్మేసింది, ఇట్టాంటి నాటకాల్ని తగలబెట్టాలి అంటారు. మాకు పెదనాన్న వరసయ్యే ఒకాయన పాతికేళ్ళు హరిశ్చంద్ర కట్టాడు. ఆయనకి ఈ జవాబు వినిపిస్తే నవ్వాడు. 'అరే అబ్బాయ్, పద్యం మనకి రాదన్నారురా. వచ్చిందని చూపించటానికి వాళ్ళ నాటకం తప్ప ఇంకేం ఉందిరా మాకు?' అన్నాడు. వేషంలో ఉన్నంతసేపు ఆయన చొక్కాకి నోట్లు గుచ్చినవాళ్ళే తెల్లారి హోటల్లో ఆయనకి వేరే గ్లాసు ఇచ్చారు. ఆ సంగతి ఆయన కోపంగా చెప్పడు. 'రాత్రి రాజుని, పొద్దున మాలోణ్ణి. కాటికాపరి వేషానికి మేకప్పు అక్కర్లేదని వాళ్ళ లెక్క' అంటాడు.

ఈ మాటల్లో భావజాలానికి లొంగిపోయినవాడు నాకు కనపడలేదు. పద్యం ఒక తాళం వేసిన గది. ఆ గదిలోకి దూరటానికి వాళ్ళకి దొరికిన కిటికీ హరిశ్చంద్ర. బోయి భీమన్న 'పాలేరు' నాటకం వచ్చినప్పుడు ఆ తరం దాన్నీ నెత్తిన పెట్టుకుంది, దాన్ని చూసి పిల్లల్ని బడికి పంపినవాళ్ళున్నారు. కాని పద్యనాటక పునరుద్ధరణ అన్న మాట వినపడినంతగా 'పాలేరు' పునరుద్ధరణ అన్న మాట ఎక్కడన్నా విన్నామా? ఏ నాటకాన్ని బతికించుకోవాలన్నది ఎవరి చేతిలో ఉంది?

కోస్తా పద్యనాటకాన్నే తెలుగు నాటకమనుకునే పొరపాటు మనం చెయ్యకూడదు. తెలంగాణలో చిందు మాదిగలు ఆడే యక్షగానం ఉంది. 2005లో చనిపోయిన చిందు ఎల్లమ్మని తలచుకుంటేనే తెలుస్తుంది, ఆ ఆటలో ఆడమనిషి ఎంత ఎత్తున నిలబడిందో. వాళ్ళు మాదిగల ముందు జాంబపురాణం ఆడతారు. అక్కడ ఆదిజాంబవుడు పుట్టుకల గురించి బ్రాహ్మడితో వాదించి నిలుస్తాడు. చూసేవాళ్ళు కులంవాళ్ళు, ఇచ్చేది హక్కుగా వచ్చే త్యాగం. ఆ పందిట్లో 'గతి' అన్న మాట రావటానికి చోటే లేదు. ఈ తేడా మీద విడిగా పని జరగాలి, ఇక్కడ కుదరదు.

కాటి సీనుకే మళ్ళీ వస్తున్నాను. పాము కరిచి చచ్చిన కొడుకుని ఎత్తుకుని చంద్రమతి వస్తుంది. హరిశ్చంద్రుడు కాటి సుంకం అడుగుతాడు. కన్నకొడుకు శవానికి సుంకం! పందిరి గుండె బాదుకునేది ఇక్కడే. ధర్మం కోసం ఎంత కఠినంగా ఉన్నాడో అని విమర్శకులూ రాశారు. ఒక ఊళ్ళో నేను వెనక, మనవాళ్ళు కూచున్న వైపు కూచుని చూశాను. నా పక్కన ఒక ముసలాయన, గుంటలు తవ్వి బతికిన మనిషి. ముందంతా ముక్కులు చీదుతుంటే ఆయన మెల్లగా అన్నాడు: 'అడక్కపోతే ఎట్టా? అది కూలి.'

ఆ మాట విన్న తర్వాత నాకు ఈ సీను ఇదివరకట్లా కనపడటం లేదు. నిజమే, నాటకంలో సుంకం ధర్మపరీక్ష. ఆయనకి అది రావాల్సిన డబ్బు. శవాన్ని కాల్చి, డబ్బు లేదంటే ఊరుకుని ఇంటికొచ్చిన రోజులు ఆయనకి ఎన్నో ఉండి ఉంటాయి. ఆ చూపుతో చూస్తే వీరబాహుడూ మారతాడు. ఈ నాటకంలో హరిశ్చంద్ర కుటుంబాన్ని కొన్నవాళ్ళు ఇద్దరు. కాలకౌశికుడి ఇంట్లో చంద్రమతికి తిట్లూ దెబ్బలూ. బిడ్డ అడవిలో చచ్చిపడి ఉంటే ఇంటిపని తెమిలేదాకా ఆమెని కదలనివ్వరు. వీరబాహుడో, కొన్న మనిషికి పని చెప్పి, కాడంతా అతనిమీద వదిలేశాడు. ఎవడు ఎట్టాంటి యజమానో కథలోనే ఉంది. ఎవరి చేతికి కల్లుకుండ ఇవ్వాలన్నది మాత్రం ఆడించేవాళ్ళు తేల్చుకున్నారు. వీరబాహుణ్ణి తాగుబోతుగా కాకుండా, లెక్క తెలిసిన, పని తెలిసిన కాటి యజమానిగా ఆడటానికి మూలంలో ఒక్క పద్యం మార్చక్కర్లేదు. మన కుర్రాళ్ళలో పద్యం పాడేవాళ్ళున్నారు, ఆ వేషం అడిగి తీసుకోవచ్చు.

చదివింపుల పద్ధతిని కూడా వాడుకోవచ్చు. కిందటి తిరునాళ్ళలో నలుగురు విద్యార్థులం కలిసి నూటపదహార్లు చదివించి, చీటీ మీద 'ఇప్పుడు పాడిన పద్యాలు మహాకవి జాషువావి' అని రాసి పంపాం. మైకులో మా ఊరి పేరు చదివారు, డబ్బు ఎంతో చదివారు. మిగిలిన వాక్యం చదవలేదు. ఇంకో నూటపదహార్లు పోగేసి మళ్ళీ పంపాం. ఈసారి చీటీ మైకు అతనికి కాదు, నేరుగా హరిశ్చంద్ర కట్టిన నటుడి చేతికి. ఆయన దాన్ని నీలం లైటు కిందికి పట్టుకుని చదివి, గొంగడి మడతలో దోపుకుని, హార్మోనిస్టు వైపు చూశాడు. 'జాషువా గారి పద్యం' అని, శ్రుతి అడిగాడు.